రోగం దొరక్కుండా జీపుకి వైద్యం చేయించే విధానం

సాలూరు దాటి, పాచిపెంట మీదుగా సుంకి ఘాటీ ఎక్కుతున్నారు. మూడో గేరులో లాగాల్సిన మలుపులో మీ మహీంద్రా ఎంఎం 540 రెండో గేరు అడిగింది. రెండోది వేస్తే ఒకటోది అడిగింది. పక్కకి తీసి న్యూట్రల్‌లో పెడితే ఇంజను కాసేపు హెచ్చి, కాసేపు తగ్గి, ఠక్కున ఆగిపోయింది. వెనకొచ్చిన లారీ డ్రైవరు తల బయటపెట్టి మీ జీపు పుట్టుక గురించి ఒక మాట అని వెళ్లిపోయాడు.

కంగారు పడకండి. జీపు బాగుచేయించుకోవడం ఎవరికైనా వచ్చు. చెడిందేమిటో తెలియకుండా, డబ్బు మాత్రం పూర్తిగా ఖర్చయ్యేలా బాగుచేయించుకోవడం ఒక విద్య. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరాలుగా పాటిస్తున్న ఆ విద్యని దశలవారీగా కింద ఇస్తున్నాం. వరస తప్పకండి. తప్పితే బండి మొదటిరోజే బాగైపోయే ప్రమాదం ఉంది.

ముందు మన బండి గురించి రెండు ముక్కలు. 1980ల్లో వచ్చిన ఈ జీపులో ఉన్నది ప్యూజో వారి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజను. పేరులోనే లెక్క ఉంది: 4 సిలిండర్లు, ఒక్కోటీ 90 మిల్లీమీటర్ల బోరు. మొత్తం 2112 సీసీ. కొత్తలో సుమారు 60 గుర్రాల శక్తి. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. గాలి శుభ్రంగా రావాలి, డీజిలు అడ్డు లేకుండా అందాలి, అది సరైన క్షణంలో సిలిండర్లో పడాలి, లోపల కంప్రెషన్ ఉండాలి. అంతకుమించి ఇది కోరేదేమీ లేదు. అంటే లోపం దాక్కోడానికి చోట్లు చాలా తక్కువ. మన విధానానికి ఉన్న పెద్ద చిక్కు ఇదే.

1. సభ పెట్టండి

బండిని షెడ్డుకి తీసుకెళ్లకండి. టీ కొట్టు ముందు ఆపి బానెట్ ఎత్తి వదిలేయండి. పది నిమిషాల్లో నిపుణులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

"ఏటి బావా, లాగట్లేదేటి?"

"పంపు పోనాదిరా. సూస్తే తెల్డం లేదూ?"

"పంపు కాదు బాబూ, బోరు దిగిపోనాది. మా సిన్నాన్న జీపుకీ ఇలగే అయింది."

"అయితే ఏటి సేసినారు?"

"అమ్మేసినారు."

ఈ సభలో ఎవరూ ఇంజను స్టార్ట్ చేయమని అడగరు, వేళ్లకి మసి అంటనివ్వరు. తీర్మానం ఏదైనా ఫరవాలేదు, ఖర్చు నాలుగంకెలు దాటితే చాలు.

2. పొగ వైపు చూడకండి

సైలెన్సరు పొగ నోరున్న సాక్షి. నల్లగా వస్తే డీజిలు ఎక్కువైంది, లేదా గాలి చాలడం లేదు. తెల్లగా వచ్చి కళ్లు మండితే డీజిలు కాలకుండానే బయటికొస్తోంది: టైమింగో, కంప్రెషనో, నాజిలో చూడాలి. నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. అసలు పొగే లేకుండా బండి నీరసపడిందంటే ఇంజనుకి డీజిలే చాలినంత అందడం లేదు. ఇంత వివరంగా సాక్ష్యం చెప్పేవాణ్ణి ముందే విచారిస్తే కేసు కొట్టేస్తారు. అంచేత సైలెన్సరుకి ఎదురుగా నిలబడి బానెట్ వైపే చూడండి.

3. నేరుగా పంపు దించండి

డీజిలు టాంకులో బయల్దేరి గొట్టాలు, ఫీడ్ పంపు, ఫిల్టరు దాటి ఇంజెక్షన్ పంపుకి చేరుతుంది. దారిలో ఎక్కడ ఆటంకం వచ్చినా ఆఖర్న ఉన్న పంపే ఆకలితో అలమటిస్తుంది. నింద కూడా దాని మీదే వేయాలి, ఎందుకంటే అన్నిట్లో ఖరీదైనది అదే. 1951లో పుట్టిన మైకో కంపెనీ 2008లో పేరు మార్చుకుని బాష్ అయినా, మన షెడ్లలో ఈ పంపుని ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. లోపలి ప్లంజరుకీ బారెల్‌కీ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. అలాంటి దాన్ని పాత పేపర్లో చుట్టి, సీటు కింద పెట్టి, విశాఖపట్నం తీసుకెళ్లండి.

అక్కడ బెంచి మీద పెట్టి కాలిబ్రేషన్ చేస్తారు. "పంపు బాగానే ఉందండీ" అని ఎవరైనా నిజం చెబితే నొచ్చుకోండి. సీళ్లు మార్పించి, బిల్లు కట్టి పట్టుకురండి. ముఖ్యమైన కిటుకు: దించేటప్పుడు టైమింగు గుర్తు పెట్టుకోకూడదు. అప్పుడు తిరిగి బిగించేటప్పుడు టైమింగు ఓ రవ్వ అటో ఇటో జరుగుతుంది. ముందుకి జరిగితే ఇంజను టకటకా కొట్టుకుంటుంది, వెనక్కి జరిగితే తెల్లపొగ కక్కుతుంది. పాత రోగం అలాగే ఉంది, పక్కన కొత్తది చేరింది. ఇకమీదట ఏది ఏ రోగమో ఎవరూ చెప్పలేరు.

4. నాజిళ్లు నాలుగూ మార్చేయండి

ఇంజను మిస్సింగ్ కొడుతుంటే ఏ సిలిండరో తెలుసుకునే నీచమైన పద్ధతి ఒకటుంది. ఇంజను స్లోలో ఉండగా, ఒక్కో నాజిల్‌కి వెళ్లే పైపు నట్టుని 17 నంబరు స్పానరుతో కొంచెం వదులు చేస్తారు, చెయ్యి మాత్రం ఆ చిమ్మే డీజిలుకి అడ్డం పెట్టరు. వదులు చేయగానే ఇంజను కుంటితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. వదులు చేసినా ఇంజనుకి చీమ కుట్టినట్టు లేకపోతే దొంగ అక్కడే. ఒక్క స్పానరు, అయిదు నిమిషాలు. ఇది తెలిస్తే ఒక్క నాజిలే మారుస్తారు, మిగతా మూడింటి డబ్బూ జేబులోనే మిగిలిపోతుంది. కాబట్టి షెడ్డులో 17 నంబరు కనిపిస్తే టూల్ బాక్సు మూసేయండి.

5. స్లో స్క్రూ తిప్పండి

ఇంజను స్లోలో నిలబడటం లేదా? ఎందుకు నిలబడటం లేదని అడగడం సంస్కారం కాదు. స్క్రూ తిప్పి స్లోనే పెంచేయండి. ఇక విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మీరు ఆగినా జీపు ఆగినట్టుండదు. ఘాటీ దిగేటప్పుడు పెడల్ మీంచి కాలు తీసినా ఇంజను బండిని పట్టి ఉంచదు, ముందుకే తోస్తుంది. భారమంతా బ్రేకుల మీదే. దానికి ఇంకో బిల్లు.

అదే ఊపులో పంపు మీద సీలు వేసి ఉన్న రెండో స్క్రూని కూడా పలకరించండి. అది డీజిలు గరిష్ఠంగా ఎంత పోవాలో నిర్ణయిస్తుంది. సీలు తెంపి తిప్పితే నాలుగు రోజులు పికప్ వచ్చినట్టే ఉంటుంది. తర్వాత నల్లపొగ, వేడెక్కే ఇంజను, ఆ పైన పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర బతిమాలుకోవడం.

6. ఖర్చులేని పరీక్షలు: నిషిద్ధం

ఇవన్నీ ఉట్టినే అయిపోయేవి. ఉట్టినే వచ్చే వైద్యానికి గౌరవం ఉండదు గనక ఒక్కటీ చేయకండి.

ఒకరిని సీట్లో కూర్చోబెట్టి ఏక్సిలరేటరు పూర్తిగా తొక్కించి, పంపు దగ్గర లీవరు చివరికంటా కదులుతోందో లేదో చూడకండి. కింద మడతపడ్డ రబ్బరు మ్యాట్ అడ్డొస్తోందని బయటపడొచ్చు. పాత జీపు ఎయిర్ ఫిల్టరు అడుగున నూనె తొట్టి ఉంటుంది, అది విప్పకండి. మక్కువ, కురుపాం మట్టిరోడ్ల దుమ్ము నూనెతో కలిసి హల్వా అయిపోయి కనిపిస్తుంది. నాలుగు కిలోమీటర్లు నడిపి దిగి చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టకండి. ఒకటి కాలిపోతుంటే బ్రేకు పట్టేసిందని, పాపం ఇంజను ఇన్నాళ్లూ దాన్ని కూడా ఈడ్చిందని తెలిసిపోతుంది. ఎత్తులో ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే జారుతున్నది క్లచ్ అని ఎవరైనా అంటే వినకండి.

అందం కోసం 6.00-16 టైర్లు తీసేసి 7.50-16 వేయించారా? టైరు ఎత్తు సుమారు పదో వంతు పెరుగుతుంది, ప్రతి గేరూ అంత బరువవుతుంది. ఆ సంగతి ఎత్తకండి. సంబర పోలమాంబ జాతరకి ఇరవైమందిని ఎక్కించుకుని "పికప్ లేదు" అనండి. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటీ ఎక్కుతూ అదే మాట మళ్లీ అనండి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పల్చన, టర్బో లేని ఇంజను శక్తి పదో వంతు దాకా తగ్గడం ప్రకృతి ధర్మం. ఆ నేరం కూడా పంపు ఖాతాలోనే రాయండి.

7. తుపాను మీద తోసేయండి

ఉద్దానం వైపు వాళ్లకి ఇది ప్రత్యేక సౌకర్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీపు ఎప్పుడు మొరాయించినా "తిత్లీలో నీళ్లు తాగీసినాది బాబూ" అంటే ఎదుటివాడు తల ఊపుతాడు. డీజిలులో నీరు చేరితే ఫిల్టరు అడుగుకి దిగుతుంది, అక్కడో డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, గ్లాసు పట్టి విప్పితే నీరు బయటికొస్తుంది. ఆ స్క్రూని ఆ తుపాను తర్వాత ఒక్కసారీ విప్పలేదన్న మాట మాత్రం పైకి రానివ్వకండి.

8. డబ్బా పెట్టేవాడి జోలికి వెళ్లకండి

ఇంతవరకు జాగ్రత్తగా వచ్చినవాళ్లు కూడా సాలూరులో చెడిపోతారు. ఆ ఊరు లారీలకి పెట్టింది పేరు. రాయపూర్ దారిలో ఘాటీలెక్కి దిగే బండ్లని చూసీ చూసీ అక్కడి మేస్త్రీలకి ఓ చెడ్డ అలవాటైంది: విప్పే ముందు చూస్తారు.

అలాంటి మేస్త్రీ ఏం చేస్తాడో చెబుతాను, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ముందు మీ మాట వినడు. "స్టార్ట్ సెయ్యండి" అంటాడు. ఇంజను ఊగిసలాట కాసేపు విని, ఏమీ అనకుండా అయిదు లీటర్ల డబ్బాలో శుభ్రమైన డీజిలు పోసి బానెట్‌కి తాడుతో కడతాడు. టాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, డబ్బాలోంచి వేరే గొట్టం ఫీడ్ పంపుకి తగిలిస్తాడు. చేతిపంపు కొట్టి, బ్లీడింగ్ నట్టు వదిలి, బుడగలతో వచ్చే నురగ డీజిలు పోయి నికరంగా ధార వచ్చేదాకా ఎయిర్ తీస్తాడు. మళ్లీ స్టార్ట్. ఇంజను కదలకుండా ఒకే స్వరంలో నిలబడుతుంది. "పంపు మంచిదేనండి. ఎనకాతల ఉంది మీ రోగం."

ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. డబ్బా తీసేసి, టాంకు లైనులో మూరెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెడతాడు. అందులో మినపగింజల్లా బుడగలు వరసగా పోతుంటాయి. డీజిలు కారడం లేదు కదా అని మీరు అడుగుతారు. కారదు. అక్కడ ఫీడ్ పంపు పీల్చుకుంటుంది కాబట్టి, చిల్లులోంచి డీజిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఇన్నాళ్లూ కింద ఒక్క చుక్క మచ్చ కూడా లేదు. టాంకు మూత తీస్తాడు, సన్నగా పీల్చిన చప్పుడొస్తే మూతకున్న గాలి రంధ్రం కూడా పూడిపోయిందని సూదితో పొడుస్తాడు. గొట్టం చివర బాంజో బోల్టు విప్పితే రాగి వాషరు నలిగి గట్టిపడిపోయి ఉంటుంది. దాన్ని పటకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చుతాడు. రాగి మళ్లీ మెత్తబడుతుంది. అదే వాషరు తిరిగి వేసి బిగిస్తాడు. కొత్తది కూడా కొననివ్వడు! టీ తాగినంత సేపట్లో మీ ఏడు దశల శ్రమా మట్టిపాలు.

9. పొరపాటున బాగైపోతే

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి జీపు బాగైపోతుంది. సుంకి మలుపులు మూడో గేరులోనే ఎక్కేస్తుంది. అప్పుడు పరువు కాపాడుకోవాలి. టీ కొట్టు సభలో వాషరు మాట ఎత్తకండి. విశాఖపట్నం బిల్లు చొక్కా జేబులోంచి కాస్త బయటికి కనిపించేలా పెట్టుకోండి. "ఏటి బావా, ఏటి సేయించినావు?" అని అడిగితే బరువుగా తల ఊపి "పంపే" అనండి. సభ మొత్తం "నాను ముందే సెప్పినాను" అంటుంది. వచ్చే వారం ఇంకో జీపు అక్కడ ఆగి బానెట్ ఎత్తినప్పుడు, ముందుగా "పంపు పోనాదిరా" అనే హక్కు ఇక మీదే.