‘ఫిలాసఫీయా అండీ?’ – టీకా తాత్పర్య సహితము

మూలము: “ఫిలాసఫీయా అండీ? అయితే ఉద్యోగం లేనట్టేనా?”

అవతారిక: డిగ్రీలో ఫిలాసఫీ తీసుకున్న పిల్లవాడి తండ్రిని ఏలూరులో ఎదురింటివారు అడిగే ఈ వాక్యం చూపుకు రెండు ప్రశ్నలే అయినా, మొదటిదానికి జవాబు కోసం ఆగకపోవడం చేత, రెండోదానికి జవాబు అందులోనే ఉండడం చేత, ఇది ప్రశ్న కాదని, తీర్పేనని ఒక మతం.

టీక: ఫిలాసఫీయా = తత్త్వశాస్త్రమా. ఇక్కడ ‘లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో’ అని అధ్యాహారం చేసుకోవలెను, అనగా వాక్యంలో లేని మాటను అన్వయం కోసం తెచ్చుకోవలెను. ఒక వృత్తికే తర్ఫీదు ఇవ్వక, సాహిత్యం, గణితం, చరిత్ర, విజ్ఞానం కలిపి రుచి చూపించి, ఆ మీదట ప్రధానవిషయాన్ని ఎంచుకోనిచ్చే పద్ధతి లిబరల్ ఆర్ట్స్. దీనిని ఉదార కళలని తెనిగించవచ్చును గాని ఆ ఔదార్యం ఫీజులకు అన్వయించదు.

అండీ = గౌరవార్థకం; ఇక్కడ పరామర్శను సూచించును. తర్కంలో పరామర్శ అనగా అనుమానానికి దారితీసే జ్ఞానం, ఏలూరులో కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి పలకరించడం. ఈ సందర్భంలో రెండర్థాలూ పొసగును.

ఉద్యోగం = ప్రయత్నం. సంస్కృతంలో ఈ మాటకు జీతంతో సంబంధం లేదు. భారతంలో ఉద్యోగపర్వమంతా గాలించినా నెల జీతం పుచ్చుకున్నవాడు కనబడడు.

లేనట్టేనా = అభావమేనా. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు పిల్లల కోసమని తర్కసంగ్రహం రాసి, అది చాలదని దీపిక అనే వ్యాఖ్యనూ తానే రాశాడు. అందులో ఏడో పదార్థం అభావం, అనగా లేకపోవడం. ఇంకా పుట్టని కుండ లేకపోవడం ప్రాగభావం, పగిలిన కుండ లేకపోవడం ప్రధ్వంసాభావం, మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఉద్యోగం విషయంలో తల్లి ప్రాగభావాన్నీ, ఎదురింటివారు అత్యంతాభావాన్నీ ప్రతిపాదిస్తారు. ప్రధ్వంసాభావం ఇంజనీరింగు చదివిన మేనమామకు తెలుసును.

విశేషము: తర్కం నేర్పే లక్షణం, అనగా తనది జారిపోకుండా పరాయిది చొరబడకుండా వస్తువును పట్టిచ్చే నిర్వచనం, కూడు పెట్టదని ప్రశ్నకర్త భావమైతే, కైకలూరు వైపు కొల్లేరు సరస్సు అంచునున్న ఆయన చేపల చెరువే ప్రత్యుదాహరణ. వానలకు పొంగి ఎండలకు ముడుచుకునే కొల్లేరు ఎక్కడ ముగుస్తుంది? 1999లో ఐదో కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యమన్నారు. ఇది అతివ్యాప్తి, కానిదాన్ని కూడా పట్టే దోషమని చెరువుల పక్షం; మూడో కాంటూరుకు దించితే అవ్యాప్తి, అయినదాన్ని వదిలే దోషమని పక్షుల పక్షం. 2006లో ప్రభుత్వం ఈ లక్షణాన్ని పొక్లెయిన్లతో వ్యాఖ్యానించి చెరువుల గట్లు తెగ్గొట్టింది. ఒక నిర్వచనానికి ఇంత బరువు కాలేజీలో కూడా ఉండదు.

ఫిలాసఫీ చదివి ఉద్యోగం పొందినవారూ ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఈ శాస్త్రాన్ని పట్టింది జిజ్ఞాసతో కాదు, అక్కడే చదివిన బంధువు పాత పుస్తకాలు ఊరికే ఇచ్చినందువల్లనని ప్రసిద్ధి. ఆయన 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. ఈ ఉదాహరణ ఎదురింటివారి ముందు నిలవదు, ‘ఆ రోజులు వేరండీ’ అన్న హేతువు ఉన్నందున.

పాఠాంతరం: తాడేపల్లిగూడెం ప్రతిలో “ఊళ్లో ఎన్‌ఐటీ పెట్టుకుని ఫిలాసఫీయా అండీ?” అని ఉన్నది. ఆ సంస్థ 2015లో వచ్చినది గనుక ఈ పాఠం అర్వాచీనం.

తాత్పర్యము: రెండు పాఠాలకూ తండ్రి చెప్పే జవాబు ఒక్కటే, “చూద్దామండీ”. తత్త్వశాస్త్రానికి మనవారు పెట్టిన పేరు దర్శనం; చూచుట అని దాని అర్థం. తండ్రికి ఆ సంగతి తెలియదు, ఎదురింటివారు వివరం అడగరు.