కామారెడ్డి ద్వీపవాసి

మన పురాణకర్తలు భూమండలమును సప్తద్వీపములుగా విభజించి, ఒక్కొక్క ద్వీపమును ఒక్కొక్క సముద్రముతో చుట్టి, ఉప్పునీటి సముద్రమును జంబూద్వీపవాసులమైన మనకు వదలి, చెఱకురసపు సముద్రమును ప్లక్షద్వీపమువారి కిచ్చివేసినప్పుడు, కామారెడ్డి బెల్లపు బజారును చూచియుండరు. చూచియుండినచో ఆ పంపకమును మరల నొకసారి యాలోచించి యుండెడివారు. అది యటుండ, వారి లెక్కకు అందని యెనిమిదవ ద్వీపమొకటి మన కాలమున వెలసినది. దాని పొడవు నాలుగు కిలోమీటర్లు, వెడల్పు నాలుగు కిలోమీటర్లు. దానిని చుట్టియున్న సముద్రము అరచేతిలో నిముడును. దాని జనాభా ఇప్పుడు సున్న, మరుక్షణమున నూరు, అరగంట గడచుసరికి ఒకటి. ఆ మిగిలిన యొక్కడు మా వీధివాడే కావలెనని మా వీధి యువకుల జీవితసంకల్పము.

కామారెడ్డి నుండి ఏ దిక్కునకు బయలుదేరినను సముద్రదర్శనమునకు ఒక రాత్రి ప్రయాణము తప్పదు. 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు నుండి విడివడి జిల్లాకేంద్రమైన యీ పట్టణమునకు 44వ నంబరు జాతీయ రహదారి కలదు, రైలుస్టేషను కలదు, కలెక్టరు కలడు, ఒకప్పుడు దూరదేశములందు పేరు మ్రోగిన బెల్లపు వర్తకపు జ్ఞాపకము కలదు, లేనిది సముద్రమొక్కటే. ఆ లోటును తన స్వశక్తిచేతను, తండ్రిగారి రీఛార్జిచేతను పూరించుకొన్న మహనీయుడే నేను చెప్పబోవు ద్వీపవాసి.

ఆ ద్వీపము పేరు సాన్‌హాక్. దక్షిణ కొరియావారి పబ్‌జీ యను ఆటలో 2018వ సంవత్సరమున పుట్టినది. థాయిలాండు, ఫిలిప్పీన్సు దేశముల పోలికలు తెచ్చి, తాటాకు గుడిసెలు, కొబ్బరిచెట్లు, శిథిలాలయములు, వరిమళ్ళు కూర్చి, థాయి భాషలో వినోదమను మాటకును, ఫిలిప్పీన్సు భాషలో కోడి యను మాటకును ముడివేసి దానికి నామకరణము చేసిరట. వినోదమును కోడియును గలిసిన చోట తెలంగాణమువాడు ఎంతసేపు పరాయివాడుగ నుండగలడు? అచ్చట పారడైజ్ రిసార్టు అను విలాసభవన మొకటి కలదు. స్వర్గమని పేరుపడిన యా విశ్రాంతిగృహమున విశ్రమించినవాడు నేటికిని పుట్టలేదు. తుపాకులు విరివిగా దొరకునని విమానమునుండి యెల్లరు నచ్చటనే దూకుటచే, దూకిన రెండు నిమిషములలో సగముమంది ఆ భవనము పేరుగల లోకమునకే నేరుగా పోవుదురు.

ద్వీపవాసిని గుర్తించుట కష్టము కాదు. సందెవేళ స్టేషను రోడ్డున మూసిన షట్టరు ముందటి మెట్లమీద నలుగురు యువకులు భుజములు రాచుకొని, ఒకరి మొగము నొకరు చూడక, నాలుగు ఫోనులలోనికి మెడలు వంచి, చేపకై తపము చేయు కొంగల వలె కూర్చుండిన యెడల, అందు నడిమివాడు ద్వీపవాసి. తక్కిన మువ్వురు నతని స్క్వాడు. ఇరువది రెండేండ్ల ప్రాయము, డిగ్రీ పూర్తియైనది, ఏమి చేయుచున్నావని యడిగినచో గ్రూప్సుకు ప్రిపేరగుచున్నానని చెప్పును. అది యబద్ధము కాదు. అతని గ్రూపు ఎల్లవేళల సిద్ధముగనే యుండును. చెవులలో తీగలు, జేబులో పవర్‌బ్యాంకు, చెమట యంటకుండ బొటనవ్రేళ్ళకు తొడిగిన గుడ్డతొడుగులు. మన పెద్దలు దర్భయుంగరము లేనిదే కర్మ కుపక్రమింపనట్లు, ఇతడీ తొడుగులు లేనిదే విమానమెక్కడు.

సాన్‌హాక్‌లో ఏ గుడిసెకు ఎన్ని ద్వారములో, ఏ కిటికీనుండి దూకిన ప్రాణము దక్కునో, ఏ రేవున పడవ దొరకునో యతనికి కంఠస్థము. ఆ శిథిలాలయములలో ప్రతి రాతిని పేరుపెట్టి పిలువగలడు. కాని దగ్గరలోనున్న దోమకొండ కోట 2022లో యునెస్కోవారి పురస్కారమును పొందినదని పత్రికలన్నియు వ్రాసినను, దాని ద్వారమే దిక్కునకున్నదో యెఱుగడు. సాన్‌హాక్‌లో మూడవ తరగతి శిరస్త్రాణము దొరకువరకు ఇంటి గడప దాటని యీ జాగరూకుడు, జాతీయ రహదారి మీద మోటారుసైకిలు నడుపునప్పుడు మాత్రము గాలికి జుట్టు నప్పగించి పోవును. అదేమని యడిగితిని. "గీడ ఎవడు షూట్ చేస్తడు సార్?" అని నవ్వెను.

ఇతని భాషను అర్థము చేసికొనుటకు ఆ యింటి తల్లి పడిన పాట్లు చెప్పవలెను. ఆ ద్వీపమున నీలివర్ణపు వలయ మొకటి నానాటికి గాక నిమిషనిమిషమునకు కుంచించుకొనిపోవుచు, వెలుపల చిక్కినవారిని హరించును. దానికి జోనని వ్యవహారము. ఒకనాటి రాత్రి తల్లి వంటయింటి నుండి కేక వేసెను.

"ఒరేయ్, అన్నం సల్లగైతున్నది, రారా!"

"ఆగే అమ్మా, జోన్ వస్తున్నది!"

"గంట సేపటికెల్లి వస్తున్నడు వస్తున్నడు అంటవు. ఇంకో గిలాసెడు బియ్యం పోసిన. గా జోనును లోపలికి పిలువరాదూ?"

ఆ రాత్రి ద్వీపవాసి జోనుకు చిక్కి మరణించెను; జోను వంతు అన్నము తెల్లవారి సద్దన్నమయ్యెను. రొట్టెల పెంకను నడుమునకు వ్రేలాడదీసికొనిన యెడల తుపాకి గుండు దానికి తగిలి వెనుకకు మరలునను సాన్‌హాక్ రహస్యమును విన్ననాటి నుండి, ఆ తల్లి తన పెంకను అటకమీద దాచి పెట్టుచున్నది.

నన్నును ఒకసారి నాలుగవవాడు జ్వరపడుటచే స్క్వాడులో చేర్చుకొనిరి. దిగిన వెంటనే ద్వీపవాసి నాయందలి గౌరవముచే, "సార్, మీరు గడ్డిల పండుకోండ్రి, ఏం ముట్టకుండ్రి" అని యాదేశించెను. పండుకొంటిని. నా చుట్టును మనుష్యులు పరుగెత్తిరి, పేలుళ్ళు మ్రోగెను, పొగలు లేచెను, నేను కదలనైతిని. నూరుగురిలో పదునొకండవ స్థానమువరకు బ్రతికితిని. నాయకులు మువ్వురును నాకంటె ముందే గతించిరి. ముప్పది యేండ్లు ప్రభుత్వోద్యోగము చేసినవానికి గడ్డిలో కదలక పండుకొని పైకి వచ్చుట వెన్నతో పెట్టిన విద్యయని ఆ పసివాండ్రకు తెలియదు.

వేసవిలో ఒకసారి, పెండ్లిపత్రికలు పంచుటకై ద్వీపవాసిని తండ్రి లింగంపేటకు బంపెను. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు బస్సు లింగంపేట మీదుగనే పోవును. విమానమునుండి ఎన్ని మీటర్ల దూరమున దూకిన రిసార్టు కప్పుమీద సరిగా వ్రాలవచ్చునో రెప్పపాటు తప్పక యెఱిగిన మన వీరుడు, ఆ లెక్కలోనే యుండి లింగంపేటలో దిగుట మఱచెను. ఎల్లారెడ్డి బస్టాండున కండక్టరు వచ్చి భుజము తట్టెను.

"ఏం తమ్మీ, లింగంపేటకు టికెట్ తీస్కొని ఎల్లారెడ్డి దాకా వచ్చినవ్. దిగుతవా, మళ్ళ కామారెడ్డికే వస్తవా?"

"ఒక్క నిమిషం ఆగే అన్నా, ల్యాండయితున్న!"

వచ్చినవాడు వచ్చినట్లు అమ్మమ్మ యింటికి బోయెను. 1922 నాటి పోచారము చెరువు కాలువ క్రింద ఆమెకు రెండెకరముల మడి కలదు. పదునాలుగవ యేట నాటుకు వంగిన యామె నడుము ఈనాటికిని పూర్తిగా నిటారు కాలేదు. అరుగుమీద మనుమని ప్రక్కన కూర్చుండి, అద్దములు సవరించుకొని, ఫోనును చేతి దూరమున నిలిపి చూచెను.

"ఏందిరా గది, వరి పొలమా?"

"అవ్‌నే అమ్మమ్మా, సాన్‌హాక్."

"మడి మంచిగ సదును జేసిండ్రు. ఒడ్డు గూడ కుదురుగ పెట్టిండ్రు. నాటే జర పల్సగైంది. ఎవలదిరా పొలం?"

"ఎవలది గాదు."

"ఎవలది గాని పొలం యాడన్న ఉంటదా? ఊర్ల మంది ఎంతమంది?"

"నూరు మంది దిగుతరు."

"నూరు మంది దిగితె ఒక్క పొద్దుల కోత అయిపాయె! ఒక్కని చేతుల కొడవలి లేదాయె?"

"కొడవలి ఉంటదే, గని దానితోటి మనుషులను కొడ్తరు."

ముసలమ్మ ఫోను నతని యొడిలో పడవైచి, "థూ, పాడుగాను! కండ్ల ముంగట పంట పాడైతుంటె!" అని లేచి లోనికి బోయెను. ఈ సంవాదమున పరధ్యానుడైన ద్వీపవాసి అప్పటికే ఒడ్డు చాటునుండి వచ్చిన గుండు తగిలి నేలకొరిగి యుండెను.

ఇట్టి ద్వీపమునకు ప్రళయములును తప్పలేదు. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినప్పుడు ఆ జాబితాలో పబ్‌జీ మొబైలును ఉండెను. ద్వీపవాసి కొన్నాళ్ళు వాకిట నిలుచుండి లోకమును వింతగా చూచెను. "నాయినా, గీ చింతచెట్టు ఎప్పటిది?" అని యడిగెను, "నీ తాత పెట్టిండు" అని తండ్రి చెప్పెను. 2021 జూలై 2వ తేదీన అదే లోకము బీజీఎంఐ యను నూతన నామముతో పునఃసృష్టి యయ్యెను. ఈ మన్వంతరమున గాయపడినవాని నెత్తురు ఆకుపచ్చగ పసరువలె చిందును. పదునెనిమిదేండ్లు నిండనివారికి దినమునకు మూడు గంటలే ప్రవేశము. 2022 జూలైలో మరల మునిగి, 2023 మేలో మరల తేలినది. మునిగినపుడెల్ల చింతచెట్టు కనబడును, తేలినపుడెల్ల మాయమగును.

మూడవ ప్రళయము మాత్రము సాన్‌హాక్‌కు రాలేదు, కామారెడ్డికే వచ్చినది. 2025 ఆగస్టు 27వ తేదీ వినాయక చవితి. ఆకాశమునకు చిల్లి పడినట్లు ఆనాడు మొదలైన వాన ఒక్క దినములోనే రాజంపేట మండలపు ఆర్గొండలో 44 సెంటీమీటర్లు కురిసినది. భిక్నూరు, తలమడ్ల నడుమ పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి రైళ్ళు నిలిచెను. జాతీయ రహదారికి గండ్లు పడెను. పట్టణమున కాలనీలు మునిగెను. నాలుగు దిక్కుల నీరు గలది ద్వీపమని నిఘంటువు చెప్పుచున్నది గదా. మేమెల్లరము మెట్లమీద కూర్చుండకయే, తొడుగులు తొడుగుకొనకయే ద్వీపవాసుల మైతిమి.

కరెంటు పోయెను, సిగ్నలు పోయెను, పవర్‌బ్యాంకు మరణించెను. మెట్లమీది నలుగురు తలలెత్తిరి. గణపతి మండపమునకు గట్టిన త్రాళ్ళను విప్పి, వెదురులు పీకి, పల్లపు ఇండ్లలోని వృద్ధులను ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చుండబెట్టి మోసికొని వచ్చుచుండిరి. ద్వీపవాసి ముందు నడచుచు లోతు చెప్పుచుండెను: "మోకాలు లోతు... ఈస్టుల మోరి ఉన్నది, అటు పోకుండ్రి... అన్న డౌనయిండు, లేపుండ్రి లేపుండ్రి!" ఆ కేకలు మెట్లమీద వందలమార్లు విని విసిగికొన్నవే, ఆ దినమున మాత్రము మా వీధి యంతయు ఒక్కొక్క మాటకు చెవి యొగ్గి అడుగు వైచినది. నేనును వైచితిని. ఈసారి గడ్డిలో పండుకొనుటకు గడ్డి కనబడలేదు.

మూడవనాడు ఫోనునకు ప్రాణము వచ్చెను. మొదటి పిలుపు ఎల్లారెడ్డినుండి.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగనే ఉన్న అమ్మమ్మా. మీ దిక్కు ఎట్లున్నది?"

"పోచారం మత్తడి దుంకింది గని కట్ట తెగలే. ముసల్ది గట్టిదిరా! మన మడి మీద ఇసుక పెట్టింది, ఏం జేస్తం." ఒక్క క్షణము ఆగి, "నీ దీవిల వరి గిట్ల మునిగిందా?" అని యడిగెను.

"లేదే, ఆడ ఎంత వాన పడ్డ నీళ్ళు పెరగయి."

"పెరగకుంటె మడికి నీళ్ళెట్ల పారుతయిరా? తూము యాడున్నది?"

ద్వీపవాసి బదులు చెప్పలేదు. నాటినుండి, స్క్వాడువారు వెనుకనుండి శత్రువు వచ్చుచున్నాడని గొంతులు చించుకొనుచున్నను, అతడు సాన్‌హాక్ వరిమళ్ళ యొడ్ల వెంబడి వంగి వంగి నడచుచు తూమును వెదకుచున్నాడు. అందుకై ఇప్పటికి తొమ్మిది పర్యాయములు చచ్చెనని మెట్లమీద చెప్పుకొనుచున్నారు.