అని భోగట్టా

ఇప్పటి పేపర్లలో నాకు దాదాపు కనబడకుండా పోయిన మాట ఒకటుంది. భోగట్టా. టీవీవాళ్లకైతే దానితో పనే లేదు. ఏది చెవినపడ్డా ‘బ్రేకింగ్’ అని ఎర్రపట్టీ మీద ఎక్కించేస్తారు. గంట తర్వాత అబద్ధమని తేలితే పట్టీ మారుతుంది, అంతే.

మా రోజుల్లో, టెలిప్రింటర్ టకటకలాడే రోజుల్లో, వార్తకు చివరి మాటే ప్రాణం. ‘చైర్మన్ రాజీనామా చేశారు’ అంటే కాగితం చూశామని. ‘చేసినట్టు తెలిసింది’ అంటే నమ్మదగ్గ మనిషి చెప్పాడని. ‘తెలియవచ్చింది’ అంటే ఆ మనిషి పేరు అడగొద్దని. ‘చేయవచ్చునని భోగట్టా’ అంటే ఊరంతా అనుకుంటోంది, మేమూ విన్నాం, రేపు తేడావస్తే మా మీద పడకండి అని. ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. అయినా బస్టాండు బెంచీ మీద పేపరు తిరగేసే గుమాస్తాకు కూడా ఏ మాటకు ఎంత నమ్మాలో తెలుసు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది గనక అక్కడిదాకా చదవాలి. చదివేవాళ్లు కూడా.

అసలు భోగట్టా అరుగుల మీది మాట. ‘ఏవిటోయ్ భోగట్టా?’ అంటే ఊళ్లో సంగతులు చెప్పమని. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలయ్యాక కూడా చాలా ఏళ్లు పేపర్ల భాష గ్రాంథికమే. వాడుక భాష కోసం నార్ల వెంకటేశ్వరరావు గారి వంటి సంపాదకులు గట్టిగా నిలబడాల్సి వచ్చింది. అంత మడి కట్టుకున్నచోట కూడా భోగట్టాకు చోటు దొరికిందంటే దాని అవసరం అలాంటిది.

డెస్కులో మా చీఫ్ సబ్ ఎడిటర్ గారొకాయన ఉండేవారు. కంట్రిబ్యూటర్లు ఆర్టీసీ బస్సుల్లో పంపిన కవర్లు చించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునేవారు. కుర్ర విలేకరి వస్తే ఒకటే ప్రశ్న.

“ఏవయ్యా, ఇది నీకెవరు చెప్పారు?”

“హెడ్ కానిస్టేబులండీ.”

“అయితే ‘తెలిసింది’ అనెయ్యి. మరి ఇదో?”

“కాఫీ హోటల్లో అనుకుంటున్నారండీ...”

“భోగట్టా వెయ్యి. లేదా కొట్టెయ్యి.”

ఎక్కువసార్లు కొట్టేయడమే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు దారుల్లేవు, ఫోన్లు లేవు. పోయినవాళ్లెందరో మొదట్లో సర్కారుకే తెలియదు. అలాంటప్పుడు ‘అనధికార భోగట్టా’ అని రాయడం తప్పించుకోవడం కాదు. మాకింతవరకే తెలుసని పాఠకుడి మొహం మీద చెప్పడం.

అలాగని ఆ రోజులన్నీ బంగారమని అనను. ఆఫీసులో కుర్చీ దిగకుండా రాజకీయ వార్తలు వండినవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్ల ‘అభిజ్ఞవర్గాలు’ పక్క కుర్చీలోనే ఉండేవి. కానీ ఆ దొంగతనానికి కూడా ‘భోగట్టా’ అని ఒక ముద్ర ఉండేది. చదివేవాడు చూసి జాగ్రత్తపడేవాడు.

ఇప్పుడేముంది? భోగట్టా పోయి ‘సమాచారం’ వచ్చింది. కలెక్టరు ఇచ్చిందీ సమాచారమే, వాట్సాప్‌లో తిరిగిందీ సమాచారమే. ఇక సినిమా వార్తలకైతే హెడ్డింగు చివర ప్రశ్నార్థకం తగిలిస్తే చాలు. ‘ఆ హీరోకి విడాకులా?’ అని నన్నడుగుతారేమిటి? కనుక్కుని చెప్పాల్సింది మీరు కదా!

డెస్కుల్లో పనిచేసే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. ఈ రాత్రి పేజీ వదిలేముందు ‘అని సమాచారం’ అన్నచోటల్లా ఆగి, ఎవరిచ్చిన సమాచారమో అడగండి. జవాబు రాకపోతే కొట్టెయ్యండి. కొట్టెయ్యడానికి చెయ్యి రాకపోతే, భోగట్టా అని వెయ్యండి.