దగ్గరేనమ్మా!

ఎవరికో ఒకరికి చెప్పుకుంటేగానీ దిగని బరువు ఇది. తెలియని దారిని తెలిసినట్టు చూపించి, అయినవాళ్ళని వెంట తిప్పిన రోజు మీ జీవితంలోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

2022 జూన్‌లో అమ్మా నాన్నా తెనాలి నుంచి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోని మా ఇంటికి వచ్చారు. వాళ్ళు విమానం ఎక్కకముందే ఫోనులో ఊదరగొట్టేశాను. "యోసెమిటీ నేషనల్ పార్కుకి తీసుకెళ్తాను. అక్కడ గ్లేసియర్ పాయింట్ అని ఉంది. కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మూడు వేల అడుగుల కింద లోయ, ఎదురుగా కొబ్బరికాయని నిలువునా కొట్టినట్టు హాఫ్ డోమ్ కొండ. అమ్మ మోకాళ్ళకి శ్రమే ఉండదు" అన్నాను. అమ్మ ఆ మాటని మా వీధి వీధంతా చెప్పి వచ్చింది.

ఆ వేసవిలో పొద్దున 6 నుంచి సాయంత్రం 4 లోపల పార్కులోకి వెళ్ళాలంటే ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. రోడ్లకీ క్యాంప్‌గ్రౌండ్లకీ మరమ్మతులు జరుగుతూ చాలా చోట్లు మూతబడ్డాయి కాబట్టి, ఉన్న కాస్త చోటులో జనం కిక్కిరిసిపోకుండా పెట్టిన నియమం అది. కారణం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పారు. నేను 2 డాలర్లు కట్టి, తేదీ చూసుకుని, పేజీ మూసేశాను. అప్పటికి యోసెమిటీ నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లు చూసినవాడికి కొత్తగా చదవాల్సింది ఏముంటుందన్న ధీమా నాది.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. గేటు దగ్గర ఇచ్చిన కాగితాలు నాన్న చేతికిచ్చాను. లోయలోకి దిగి, మళ్ళీ పైకెక్కే దారిలో, సొరంగానికి ముందు టన్నెల్ వ్యూ అనే చోటు వచ్చింది. ఎడమ పక్కన ఎల్ కాపిటన్ కొండ, కుడి పక్కన బ్రైడల్‌వీల్ జలపాతం, మధ్యలో దూరంగా హాఫ్ డోమ్. "ఒక్క నిమిషం ఆపరా" అన్నారు నాన్న. "ఇక్కడేముంది నాన్నా, అసలుది పైన ఉంది" అని ఆపకుండా సొరంగంలోకి పోనిచ్చాను.

గ్లేసియర్ పాయింట్ దారి చీలే చింకపిన్ మలుపు దగ్గర నారింజరంగు కోన్లు, అడ్డంగా బారికేడు. గ్లేసియర్ పాయింట్ రోడ్డు మూసేశారు. ఆ పూటకి కాదు, ఆ ఏడాది మొత్తానికి. 1930లలో మెరుగుపరిచిన రోడ్డు. అందులో దారి మధ్యలోని బ్యాడ్జర్ పాస్ నుంచి చివరిదాకా పదిన్నర మైళ్ళు తవ్వి కొత్తగా వేస్తున్నారు.

అక్కడే కారాపి "నేను చూసుకోలేదు, పొరపాటైంది" అని ఉంటే కథ అయిపోయేది. నోరు రాలేదు. వెనక సీట్లో అమ్మానాన్నా నా ముఖమే చూస్తున్నారు. "ఇంకో దారుంది, చిన్న నడక" అనేశాను. కారు వెనక్కి తిప్పాను, సొరంగం దాటాను, టన్నెల్ వ్యూ దాటాను, లోయలోంచి గ్లేసియర్ పాయింట్ దాకా ఎక్కే ఫోర్ మైల్ ట్రయిల్ మొదట్లో ఆపాను, పదండి పదండి అని తొందరపెట్టాను. పేరులో నాలుగు మైళ్ళుంది గానీ ఒకవైపే 4.8 మైళ్ళు, ఎక్కాల్సింది 3,200 అడుగులు. అది కూడా చదవలేదు. అమ్మ కాళ్ళకి మామూలు చెప్పులు. "ఎంత దూరంరా?" "దగ్గరేనమ్మా." పది మలుపులు. "ఇంకా ఎంతరా?" "దగ్గరేనమ్మా." మరో నాలుగు మలుపులు. మూడోసారి అమ్మ అడగలేదు. బండమీద కూలబడి మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. పైనుంచి దిగుతున్న ఒకమ్మాయి ఆగి, అమ్మ చెప్పుల వంక చూసి, పైకి ఇంకా నాలుగు మైళ్ళు పైనే ఉందని ఇంగ్లీషులో చెప్పింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ "ఫోర్" అన్న మాట అర్థమైంది. నా వైపు చూసి తల దించుకుంది.

నాన్న జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "గేటు దాటగానే చదివాన్రా. రోడ్డు మూశారని ఇందులోనే ఉంది. నువ్వు ఇంకేదో ఏర్పాటు చేసుంటావనుకున్నాను."

కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. అచ్చులో ఉన్నదానికన్నా నన్నే ఎక్కువ నమ్మారు. మనం పెద్దయ్యాక అమ్మానాన్నల ముందు "తెలియదు" అనడానికి ఎందుకంత బరువో! చిన్నప్పుడు లెక్క రాకపోతే వాళ్ళనే అడిగినవాళ్ళం కదా. రోడ్డు మూసి ఉండడం ఎవరి తప్పూ కాదు. అది వాడి వాడి అరిగింది, బాగుచేస్తున్నారు. మూసుకుపోయింది నా నోరు. దానికి మూల్యం కట్టింది అమ్మ మోకాళ్ళు.

అమ్మని భుజం పట్టుకుని మెల్లగా దించాం. సెంటినెల్ వంతెన మీద నిలబడితే మెర్సెడ్ నదికి ఎగువన హాఫ్ డోమ్ నిండుగా కనబడింది. ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. సాయంత్రం టన్నెల్ వ్యూ దగ్గర ఈసారి నాన్న అడగకుండానే ఆపాను. ఆయన గోడ పట్టుకుని అరగంట కదల్లేదు.

2023లో ఆ రోడ్డు తెరిచారు. ఒక్కణ్ణే వెళ్ళాను. మిగిలిన పనుల కోసం అప్పటికింకా అక్కడక్కడా బళ్ళు ఆపేవారు, ఒక్కోసారి అరగంట దాకా. ఆ సంగతి ఈసారి ఇంట్లోనే చదువుకుని వెళ్ళాను. ఇంజన్ ఆపేసి, కొత్త తారు వాసన పీలుస్తూ వరసలో కూర్చుంటే ఆ ఆలస్యం బరువనిపించలేదు.

పైనుంచి తీసిన ఫొటో పంపితే అమ్మ ఫోన్ చేసింది. "మళ్ళీ వస్తే అక్కడిదాకా కారు వెళ్తుందిరా?" అంది. నాలుక చివరికి అదే పాత మాట వచ్చింది. మింగేసి, "తెలియదమ్మా. మీరు వచ్చే ముందు కనుక్కుని చెప్తాను" అన్నాను.