సెట్టింగులన్న

రేణిగుంటలో నలుగురు కుర్రోళ్ళు ఫోన్లు పట్టుకుని అరుగు మీద చేరితే, వెనకాల ఐదోవాడొకడు నిలబడి ఉంటాడు. ఆడడు. ఆడనియ్యడు. "ఇట్టియ్ రా" అని ఫోను లాక్కుని సెట్టింగుల్లోకి దూరిపోతాడు. ఆయనే సెట్టింగులన్న.

ఆయన చేతిలో మొదట చచ్చేది మోషన్ బ్లర్. తర్వాత కెమెరా షేక్. మైన్‌క్రాఫ్ట్ అయితే వ్యూ బాబింగ్. "మనం నడస్తా ఉంటే లోకం ఎగరతాందా? మరి ఇదెందుకు ఎగరల్ల?" అంటాడు. ఎన్ని రాత్రులు మేలుకుని ఆ ఊపు పుట్టించారో, ఆ ఇంజనీర్ల చెవిన ఈ మాట పడకపోవడమే మేలు. తుపాకుల ఆట బీజీఎంఐలో ఫస్ట్ పర్సన్ చూపు వెడల్పు 80 నుంచి 103 దాకా మార్చుకోవచ్చు. అన్న చెయ్యి పడితే ఒకటే దెబ్బ, 103. చూపు ఇరుకైతే కడుపులో తిప్పుతుందని ఆయన నమ్మకం. శత్రువు చీమంత అయిపోయాడని మొత్తుకుంటే, "చస్తే చచ్చినావులే, కక్కుకోకుండా చస్తావు" అని ఓదారుస్తాడు.

ఈ జ్ఞానం ఊరికే అబ్బలేదు. ఫస్ట్ పర్సన్ ఆట పది నిమిషాలు ఆడితే చాలు, అన్నకి నోట్లో నీళ్ళూరతాయి, ఆపైన పెరట్లోకి పరుగే. అదే మనిషి, తిరుమల నుంచి 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో బస్సు దిగేటప్పుడు సగం జనం కిటికీల్లో తలలు పెట్టినా, నిలబడే శెనక్కాయలు నములుతాడు. అదెట్లా అంటే పాఠం మొదలు. "బస్సులో కన్నూ, లోపలి చెవీ ఒకే మాట చెప్తాయి. ఫోన్లో కన్నేమో పరిగెత్తతాండావు అంటాది, చెవేమో కూర్చోనుండావు అంటాది. సాక్షులు తలో మాట చెప్తే కడుపు ఏం తీర్పియ్యల్ల? బయటికి తోసేస్తాది." ఎగతాళి చేద్దామంటే వీల్లేదు, శాస్త్రం తెలిసినవాళ్ళు ఎక్కువమంది చెప్పేదీ ఇదే. తల దించుకుని ఫోను చూస్తూ ఘాట్ దిగేవాళ్ళ అవస్థ దీనికి తిరగేసిన రూపం.

2008లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్ ఆటలో మిద్దెల మీద ఒకటే పరుగు. కళ్ళు తిరక్కుండా తెర నడిమధ్యన చిన్న చుక్క పెట్టారు. ఈ సంగతి తెలిసినప్పట్నించీ అన్న కనపడిన ప్రతి ఫోనుకూ నడిమధ్యన బొట్టుబిళ్ళ అంటిస్తున్నాడు. ఇంట్లో అట్టలకి అట్టలు ఎటు పోతున్నాయో వాళ్ళమ్మకి ఇంకా అంతుబట్టలేదు.

ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో టీవీలు తయారవుతుంటే, అందులో చేరరా అని నాయన పోరు. "టెస్టింగ్ వద్దు నాయనా, ప్యాకింగ్ అయితే పోతా" అన్నాడట.

మొన్న ఒక పెళ్ళిలో పెద్ద ఎల్‌ఈడీ తెర మీద డ్రోను వీడియో గిరగిరా తిరుగుతోంది. అన్న పోయి ఆపరేటరు పక్కన నిలబడి, "కెమెరా షేక్ యాడుండాది నా, ఆఫ్ చేసేస్తా" అన్నాడు. ఆయన ఎగాదిగా చూశాడు. ఇంతలో పెళ్ళికూతురు నాయన వచ్చి భోజనానికి రమ్మని చెయ్యి పట్టుకుంటే, అన్న తెర వైపు వీపు తిప్పి, మంటపం స్తంభం గట్టిగా పట్టుకుని అన్నాడు: "మీరు కానీండి మామా, నేను రెండో బంతికి వస్తా."