మీరే చూసి ఇవ్వండి సార్

మా ఇంట్లో ధర చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అనంతపురం జిల్లా ఉరవకొండ పక్క పల్లె మాది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా, అదీ రావలసిన నెలలో రాదు. నాయన చెనిక్కాయ వేసేవాడు. పంట చేతికొచ్చిన ఏడు ఆదోని యార్డుకు తోలితే రేటు చెప్పేది అవతలివాళ్లు. విత్తనం కొన్నప్పుడు చెప్పిందీ అవతలివాళ్లే. నాయన తల గోక్కుని, ఇచ్చింది ఎంచుకుని బస్సెక్కేవాడు. నా వెర్రితనానికి వంశాన్ని సాక్ష్యం తెచ్చుకుంటున్నానని మీరనుకోవచ్చు. అందులో కొంత నిజముంది. సంతకం పెట్టింది మాత్రం నాయన కాదు, నేనే.

టైల్స్ పరిచే పని నాకు బాగా వచ్చు. బెంగళూరులో ఒక రాజస్థాన్ మేస్త్రీ కింద నేర్చుకున్నాను. దారం కట్టడం, ట్యూబ్ లెవెల్ చూడటం, మూలల్లో అంచులు ఏటవాలుగా కోసి గీత కనబడకుండా కలపడం, అన్నీ. ఊరికి తిరిగొచ్చేసరికి తాడిపత్రి బండలు అడిగేవాళ్లు తగ్గి, అందరూ మోర్బీ నుంచి దిగే విట్రిఫైడ్ టైల్స్ అంటున్నారు. ఇళ్ల పనులు పట్టాను. ఇళ్ల పనిలో ధర చెప్పే కష్టం లేదు, అడుగుకు ఎంత నడుస్తోందో ఇంటాయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటామె టీ కూడా ఇస్తుంది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక, ఇక హైవే వెంబడి పెద్ద పెద్ద కట్టడాలు లేస్తాయని మా మేస్త్రీలందరికీ ఆశ పుట్టింది. నాకు ఇంకాస్త ఎక్కువ పుట్టింది.

అలా ఒక కమర్షియల్ కాంప్లెక్స్ పని దగ్గరికి వెళ్లాను. కంటైనర్‌లో ఏసీ పెట్టుకున్న సైటాఫీసు. ప్రాజెక్ట్ మేనేజరు బెంగళూరాయన, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, "రేటు ఎంత చెప్తారు?" అన్నాడు. జన్మలో మొదటిసారి నన్నొకరు ధర అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మాట: "మీరే చూసి ఇవ్వండి సార్."

ఆయన చూశాడు. "చదరపు మీటరుకు 200," అన్నాడు.

మీటరంటే పది అడుగులు కదా, అంటే అడుగుకు 20. ఇళ్లలో నాకు 19 వస్తోంది. ఎగిరి గంతేయకుండా ఆపుకోవడానికి కుర్చీ పట్టుకోవలసి వచ్చింది. బేరమాడితే ఎక్కడ తగ్గిస్తాడోనని గబగబా సంతకం చేశాను. ఇంగ్లిషులో నాలుగు పేజీలు. చదవలేదు. ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చినవాడి కాగితం చదివితే అవమానించినట్టవుతుందని నా లోపల ఎవరో అన్నారు.

చదరపు మీటరుకు 10 అడుగులు కావు, 10.764. అంటే నాకు గిట్టింది అడుగుకు 18 రూపాయల 58 పైసలు. ఒక్క పలక పరచకముందే ఇళ్ల పని కంటే కిందికి దిగాను. పని రెండు వేల చదరపు మీటర్లు. నా లెక్కలో ఇరవై వేల అడుగులు, నిజానికి 21,528. పై బిల్లు మీటర్లలో వస్తుంది. కింద మేస్త్రీలకు నేను గుత్తకిచ్చింది అడుగుల్లో. వాళ్లు టేపు పెట్టి కొలిచి చెప్పే అంకె ప్రతిసారీ నా అంకె కంటే ఎక్కువ ఉండేది. దొంగలెక్క అనుకున్నాను. టేపు వదులుగా పట్టి కొలుస్తున్నావని పెద్ద మేస్త్రీని నలుగురిలో అన్నాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు. మారు మాట్లాడకుండా టేపు నా చేతికిచ్చి, "నువ్వే పట్టప్పా," అన్నాడు. పట్టాను. ఆయన అంకే వచ్చింది. అయినా అర్థం కాలేదు, టేపు పాతదై సాగిందన్నాను.

చివరికి సైటులో ట్రైనింగుకొచ్చిన పాలిటెక్నిక్ పిల్లవాడు ఫోన్‌లో 3.28ని 3.28తో గుణించి చూపించాడు. ఆ మేస్త్రీని క్షమించమని అడిగానా అంటే, లేదు. మధ్యాహ్నం అందరికీ బిర్యానీ తెప్పించాను.

తరువాత ఆ నాలుగు పేజీలు ఆ పిల్లవాడితోనే చదివించుకున్నాను. స్కర్టింగ్ కూడా అదే రేటులో, చదరపు మీటర్లలోనే. నాలుగంగుళాల పట్టీని ఒక్కొక్కటి కోసి, అంచు రుద్ది, గోడ వంకరలు సరిచేసుకుంటూ పది మీటర్ల పొడవు అతికిస్తే కొలతలో ఒక్క చదరపు మీటరు. 200 రూపాయలు. ఇళ్లలో దాన్ని రన్నింగ్ అడుగుల్లో కొలుస్తాం, అదే పొడవు దాదాపు 33 అడుగులు. కొలత పద్ధతికి ఐఎస్ 1200 అని ఒక ప్రమాణం ఉందనీ, అందులో 11వ భాగం మొత్తం ఫ్లోరింగ్, స్కర్టింగ్ గురించేననీ అప్పుడే విన్నాను. ఇంజనీర్లకు అది పాఠం. రోజూ ఆ కొలతతో కూడు తినే మాకు ఎవరూ చెప్పరు, మేమూ అడగం.

టైల్స్ అన్ని అంతస్తులకూ మోయడం మా మీదే. నాలుగు బై రెండడుగుల పలకలు రెండు ఉన్న డబ్బా దాదాపు ముప్పై కిలోలు. లిఫ్టు ఇంకా బిగించలేదు. ఇవన్నీ ఒకెత్తు. నన్ను నిజంగా ముంచింది పని కాదు, పని లేకపోవడం. ఇంటి పనిలో గది ఖాళీగా ఉంటుంది, పొద్దున దిగితే సాయంత్రానికి తేలిపోతుంది. ఇక్కడ మేం వెళ్లేసరికి సీలింగ్ వాళ్ల పరంజా ఉంటుంది. అది కదిలితే ఏసీ డక్టువాళ్లు దిగుతారు. వాళ్లు పోతే నీళ్లుండవు. నీళ్లు ఇచ్చే బాధ్యత కంపెనీదని కాగితంలోనే ఉంది, కానీ ఎండాకాలం అనంతపురంలో ట్యాంకరు కాగితం చదివి రాదు. మేస్త్రీలు నీడలో కూర్చుని ఫోన్లు చూస్తుంటే వాళ్ల బత్తా, రూము అద్దె నా జేబులోంచి పోయేవి. రాత్రి పరిచిన పలకల మీద తెల్లారేలోపు ఎవరో చక్రాల పరంజా తోలేవారు. క్వాలిటీ ఇంజనీరు కర్రతో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన ప్రతి పలక మీదా చాక్‌పీసుతో ఇంటూ కొట్టేవాడు. ఊడదీసి మళ్లీ పరచాలి, పగిలిన టైల్ ఖరీదు డెబిట్ నోటుగా మన బిల్లులోనే కోస్తారు. పరంజా తోలినవాడికి ఏ నోటూ పోదు, వాడు వేరే సబ్ కాంట్రాక్టరు మనిషి. అడుగు రేటులో ఈ ఎదురుచూపుకు పైసా వేసుకోలేదు నేను.

ఇంతవరకూ చెప్పింది నేను మోసపోయిన కథలా ఉంది. నాకు ఇష్టమైన భాగం కాబట్టి పొడవుగా చెప్పాను. ఇష్టంలేనిది ఇప్పుడు.

నా దగ్గర చేరిన కుర్రవాళ్లు కూలి ఎంతన్నా అని అడిగినప్పుడు నేను చెప్పిన మాట, "చూసి ఇస్తాలే." పైనుంచి కోతపడిన ప్రతిసారీ కింద కోశాను. డెబిట్ నోటు చూపించి అందరి లెక్కలోనూ సమానంగా తీశాను, ఆ పలక పరిచినవాడు ఎవడో తేలకుండానే. జాయింట్లు నింపే పని ఆడవాళ్లది. ఎపాక్సీ కలిపి, అది బిగిసేలోపు గీతలోకి నొక్కి, పలక మీద మరక లేకుండా తుడవాలి. కాస్త ఆలస్యమైతే నేలంతా పాడు. ఆ పనికి నేను పెట్టిన పేరు 'హెల్పరు', ఇచ్చింది మగ హెల్పరు కంటే తక్కువ. ఒకే రకం పనికి ఆడా మగా తేడా లేకుండా ఇవ్వాలని 1976 నుంచీ చట్టముంది. ఆ సంగతి తెలియక తక్కువిచ్చానని చెప్పలేను. తెలిసినా సమానంగా ఇచ్చేవాణ్ని కాదు, నిజం చెప్పాలంటే.

చివరి బిల్లు ఆగిపోయాక, పైవాళ్ల మీద చట్టం వెతుకుతూ ఒక లాయరు గుమాస్తా దగ్గరికి వెళ్లాను. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని ఇచ్చి, తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి అన్నాడు. ఛాతీ ఉబ్బింది నాకు. ఆయన అడిగాడు: "కూలోళ్లను తెచ్చిందెవరు?"

"నేను."

"కూలి బాకీ పడింది?"

"నేనే... కానీ పైనుంచి రాలేదు కదా సార్."

"ఆ చట్టంలో కాంట్రాక్టరంటే సబ్ కాంట్రాక్టరు కూడా. నువ్వు ఎగ్గొట్టినోడివి, వాళ్లు ఇవ్వాల్సినోళ్లు. ఎవరి మీద రాయమంటావు?"

ఇప్పుడు అవన్నీ కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయాయి, నా పాత్ర మాత్రం అందులోనూ మారదు. చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బివ్వాలనే 2006 చట్టం సంగతీ చెప్పాడు, ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ అట. దానికి ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు కావాలి. నేను కాలేదు. పైగా కట్టడం పనుల కాంట్రాక్టులకు అది వర్తించదని కొన్ని హైకోర్టులు అన్నాయి. "నాకు పైనుంచి వస్తేనే నీకిస్తా" అనే షరతు, పైవాడు దివాలా తీస్తే తప్ప, కట్టడం కాంట్రాక్టుల్లో చెల్లదని బ్రిటన్‌లో 1996లోనే చట్టం చేశారట. వినడానికి బాగుంది. అక్కడైతే నేను గెలిచేవాణ్ని, ఆ వెంటనే మా కుర్రవాళ్ల చేతిలో ఓడేవాణ్ని.

ఇప్పుడు ధర నేనే చెప్తున్నాను. ముందు సైటు చూసి, రోజుకు ఎంత జాగా ఖాళీ చేసి ఇస్తారో అడుగుతాను. ఆ జాగాలో ఇద్దరు మేస్త్రీలు, ఒక హెల్పరు, ఒక జాయింట్ల మనిషి ఎంత తేలుస్తారో వేసుకుని, వాళ్ల కూలి కిందినుంచి పైకి లెక్క కడతాను. స్కర్టింగ్ రన్నింగ్ అడుగుల్లో, మోత వేరే, జాగా ఇవ్వక కూర్చోబెట్టిన రోజుకు రోజుకూలి. ఇలా చెప్పడం మొదలుపెట్టాక వచ్చే పనులు తగ్గాయి. మొన్న ఒకచోట చదరపు మీటరుకు 290 అన్నాను. నవ్వి పంపించారు. ఆ పని 210కి ఇంకొకడు పట్టాడని తెలిసింది, నా దగ్గర హెల్పరుగా చేసి వెళ్లిన కుర్రవాడే.

ఉండబట్టలేక ఫోన్ చేశాను. 10.764 గురించి, స్కర్టింగ్ గురించి, ట్యాంకరు గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అంతా విని, "సరేగానీ అన్నా, నా పాత బాకీ ఏం చేసినావు?" అన్నాడు.

"చూసి..." అనబోయి ఆగాను. నాలుగు వేలు, నెలాఖరులోపు, అన్నాను.

"వాట్సాప్‌లో రాసి పంపు," అన్నాడు.