చాప్‌మన్ వంతు

బిలియర్డ్స్ నియమాల్లో ఒకటి మహా నిర్దయమైనది. పాయింట్లు వస్తున్నంతసేపూ వంతు కొట్టేవాడిదే. వాడు తప్పితేనే అవతలివాడికి కర్ర పట్టే యోగం.

1907 జూన్ 3న లండన్‌లో టామ్ రీస్ అనే ఆటగాడు పాయింట్ల వరస ఒకటి మొదలుపెట్టాడు. ప్రత్యర్థి జో చాప్‌మన్. ఈ ఆటకు బంతులు మూడే. మన బంతి మిగతా రెండింటినీ తాకితే క్యానన్, రెండు పాయింట్లు. రీస్ ఆ రెండింటినీ మూల పాకెట్ మూతికి చెరోవైపున ఇరికించాడు. ఇక తన బంతితో రెండింటినీ ఒరిపించడమే పని. అవి కదలవు, లోపల పడవు. క్రేడిల్ క్యానన్ అనేవారు దీన్ని. కూడదనే నిబంధన అప్పటికి లేదు. రెఫరీ మాత్రం ఏం చేస్తాడు, లెక్కపెట్టడం తప్ప?

టిక్కు, టిక్కు, టిక్కు. కాస్త అటూ ఇటూగా సెకనుకొకటి. రామకోటి రాసేవాళ్లకైనా పేజీ తిప్పేటప్పుడు కాస్త మార్పు ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. నిన్న ఆపినచోటే ఇవాళ అందుకోవడం, మళ్లీ టిక్కు. అలా అయిదు వారాలు. జూలై 6 నాటికి 85 గంటల 49 నిమిషాల ఆటలో, ఒకే వరసలో 4,99,135 పాయింట్లు! అంటే దాదాపు రెండున్నర లక్షల క్యానన్లు.

బిలియర్డ్స్ సంఘం ఆ ఏడాదే ఈ క్యానన్‌ను నిషేధించింది. నిషేధించక ఏం చేస్తుంది! అయితే జరిగిపోయిన ఆటకు అది అడ్డు కాదు. విలియం కుక్ అనే మరో ఆటగాడు ఇదే కిటుకుతో అదే జూన్ 7న ముగించిన 42,746 పాయింట్ల వరసకు అధికారిక గుర్తింపు దక్కింది. దానికి పదకొండు రెట్లు మించిన రీస్ వరసకు దక్కలేదు.

ఫౌలా? కాదు. లెక్క తప్పిందా? అదీ కాదు. పత్రికలవాళ్లు, ప్రేక్షకులు ఆట సాగినంతసేపూ అక్కడే ఉండలేదట!

చాప్‌మన్ ఉన్నాడు కదా అంటారేమో. ఆయన ప్రేక్షకుడు ఎలా అవుతాడండీ, ఆడుతుంటేనూ!